బిర్యానీ ధరకు లైసెన్సు

ఆ రోజుల్లో రుజువు కానిదేదీ నాకు గొంతు దిగేది కాదు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, వరంగల్‌లో మా మేనమామ విత్తనాల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్న కాలమది. జీఎస్టీ కొత్తగా వచ్చి, మా గల్లీ దుకాణాలన్నీ చేతిరాత బిల్లులు మాని కంప్యూటర్లు కొంటున్నాయి. సాయంత్రాలు నేను హేతువాద సభల్లో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. హసన్‌పర్తిలో తాయెత్తులు కట్టే ఒకాయనను జనం ముందు నిలదీసినందుకు (ఆయన జవాబు చెప్పకుండా శపించాడు, అదింకా ఫలించలేదు) గల్లీ మొత్తం నన్ను 'రుజువు' అని పిలిచేది.

కంప్యూటర్ నడవాలంటే సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు కీ కావాలి. కంపెనీ ధర చూసి మామకు గుండె జారింది. ఇంటర్నెట్‌లో ఎవడో అదే కీని బిర్యానీ ధరకు అమ్ముతుంటే కొన్నాడు, కొట్టాడు, పనిచేసింది. గల్లీ వ్యాపారుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు కాబట్టి, అన్ని దుకాణాలకూ సాయంత్రంలోగా ఆర్డర్ పెడతానని మాటిచ్చేశాడు. నేను అడ్డుపడ్డాను.

"ఏందిరా అల్లుడా, పనిచేస్తాంది గద. ఇగ నీ తక్లీఫ్ ఏంది?"

"పనిచేసుడు వేరు, హక్కుండుడు వేరు మామా. దొంగ తాళంచెవితోని గూడ తాళం తెరుచుకుంటది."

"వాడు గంపగుత్తగ తెస్తడట. అందుకే అగ్గువ."

"గంపగుత్తగ తెస్తే బిల్లేది?"

"వాట్సప్‌ల కీ పంపిండు గదరా. మల్ల బిల్లేంది?"

ఎదురు బట్టల దుకాణం సేటు కూడా వాడి దగ్గరే కొన్నాడని తెలిసి, ఇద్దరి ఫోన్లూ పక్కపక్కన పెట్టాను. అక్షరం పొల్లుపోకుండా ఒకటే కీ. మామ చలించలేదు. "కంపెనీ ఒక్కటే గదా, నంబర్ గూడ ఒక్కటే ఉంటది," అన్నాడు. కంప్యూటర్‌లోనే లైసెన్సు రకం తీసి చూపించాను: పెద్ద సంస్థలు తమ సొంత కంప్యూటర్లకని తీసుకునే రకం అది. ఎవరికో ఇచ్చిన దాన్ని వీడు చిల్లరగా అమ్ముతున్నాడని, కంపెనీ పసిగట్టి ఆపేస్తే సీజన్ నడుమ బిల్లు రాదని, నిరూపించాల్సిన బాధ్యత అమ్మేవాడిదేనని అనర్గళంగా మాట్లాడాను. (సేటు మధ్యలో లేచివెళ్లి, ఇద్దరికి చీరలమ్మి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.)

"సరే, పందెం," అన్నాడు మామ. "పొద్దుగూకేలోపు నన్ను ఒప్పిస్తే ఆర్డర్ బంద్. లేకుంటే దసరాకు ఈ కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ నువ్వే కొట్టాలె."

ఆ సంగతి సభలో తెలిస్తే ఇక నా ఉపన్యాసం ఎవరు వింటారు?

మధ్యాహ్నం నెక్కొండ నుంచి ఒక రైతు వచ్చాడు. "అన్నా, మా ఊర్ల ఒకాయన పత్తి విత్తనాలు సగం ధరకే ఇస్తాండు. నీ దగ్గర గట్లాంటివి లేవా?"

మామ ముఖం వెలిగింది. నాకు సభలెట్లాగో ఆయనకు ఈ ప్రశ్న అట్లా. "అవి మొలువయ్ అనుకుంటానవా? మొలుస్తయ్. ఆకు మంచిగనే వేస్తయ్. నువ్వు గట్టు మీద నిలబడి మురిసిపోతవ్. కాయ పట్టేనాడు తెలుస్తది అసలు కథ. అప్పుడు ఎవర్ని అడుగుతవ్? బిల్లుండదు. అమ్మినోడు ఫోనెత్తడు. మొలిచినంత మాత్రాన అసలు విత్తనం..."

అక్కడ ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి కంప్యూటర్ వైపు చూశాడు. (నా జీవితంలో మౌనంగా గెలిచిన వాదం అదొక్కటే.)

"చెప్పు అధ్యక్షా, ఆగినవేంది?" అన్నాడు సేటు, నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని.

"అయితదా, కాదా అన్నా?" అన్నాడు రైతు పాపం.

"కాదు," అన్నాడు మామ, నా వైపు చూడకుండా.

ఆర్డర్ ఆగిపోయింది. చివరగా ఆ కీ అమ్మినవాడికి మామ ఒక్క మెసేజ్ పెట్టాడు: బిల్లు పంపమని. వాడు జవాబివ్వకుండా నంబర్ బ్లాక్ చేశాడు. ఇంతకన్నా రుజువేం కావాలి? గల్లీ అంతా హన్మకొండ డీలర్ దగ్గర బిల్లుతో లైసెన్సులు కొన్నది. ఆ వారమంతా నేను గల్లీలో నడవలేదు, ఊరేగాను. సభలో ఆ కథను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను.

దసరా నాడు ధీమాగా దుకాణానికి వెళ్లాను. కొబ్బరికాయ మామే కొట్టాడు. చూస్తే, కంప్యూటర్ పక్కన ఆ లైసెన్సు బిల్లు పటం కట్టి ఉంది. దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ.

"ఇదేంది మామా?"

"అసలుది గదరా. నేను గూడ ఇప్పుడు రుజువున్నదానికే మొక్కుతాన."

బదులు చెప్పబోయేలోగా అత్తమ్మ నా నోట్లో కొబ్బరి ముక్క పెట్టింది. మామకు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు నా దగ్గర సిద్ధంగా ఉంది, రాస్తే నాలుగు పేజీలు వస్తుంది. కానీ ఆ రోజు 'రుజువు' అనిపించుకున్న ఆ కుర్రాడు కొబ్బరి నములుతూ నవ్వేశాడు. నాలుగు పేజీల కన్నా ఆ నవ్వే బాగుందని, ఎందుకో, ఈ మధ్య అనిపిస్తోంది.