బార్బడోస్‌లో మూడుసార్లు తప్పిపోయిన తాబేళ్ళ బోటు

మాది కేజీఎఫ్ ఊళ్ళో ఆండర్సన్‌పేటలో బట్టల కొట్టు. మా ఆయన పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదికి దించుతారు. మధ్యాహ్నం భోజనం కూడా గల్లాపెట్టె పక్కనే, నేను పంపిన క్యారియర్ విప్పుకుని. పాతికేళ్ళ కాపురంలో మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణాలు చెప్పమంటే తిరుపతి, ధర్మస్థల, మళ్ళీ తిరుపతి. అందుకే ఇరవై అయిదో పెళ్ళిరోజుకి ఏం కావాలని ఆయన అడిగినప్పుడు సముద్రం కావాలన్నాను. అప్పటికే ఫోన్లో ఒక వీడియో చూసి ఉన్నాను లెండి. ఎవరో మా వయసు దంపతులు నీలం నీళ్ళలో పక్కపక్కనే తేలుతుంటే కిందనుంచి ఒక పెద్ద తాబేలు నింపాదిగా వెళ్ళిపోతుంది. నాకూ అదే కావాలి, పక్కన మీరుండాలి అని చెప్పాను. ఆయన మీటరు కర్రతో వీపు గోక్కుని, చెన్నై బీచ్ అయితే పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు కదా అన్నారు. ఆ మర్నాడు నేను క్యారియర్ పంపలేదు.

వెస్టిండీస్ దీవుల్లోని బార్బడోస్ పేరెత్తింది మా ఆయన చిన్ననాటి స్నేహితుడు నాగరాజప్ప. రాయల్పాడు దగ్గర మామిడి తోటలున్న రైతు. చిన్నప్పుడు చెవికి రేడియో ఆనించుకుని క్రికెట్ కామెంటరీ విన్న మనిషి కాబట్టి అక్కడి రాజధాని బ్రిడ్జ్‌టౌన్ అంటే ఆయనకి కాశీతో సమానం. ఆ ఏడు కాపు బాగా దిగింది, శ్రీనివాసపురం మండీలో ధర కూడా బాగానే పలికింది. భార్య మునిరత్నమ్మక్కని వెంటబెట్టుకుని తానూ వస్తానన్నాడు. మా పెళ్ళిరోజు మే నెలలో, కానీ పెళ్ళిళ్ళ సీజన్లో కొట్టు వదలమంటే మా ఆయన ప్రాణం వదులుతారు. ఆషాఢంలో బట్టల బేరాలు ఎలాగూ పలచన, మామిడి కోతలు కూడా అయిపోతాయి. అలా జులైలో నలుగురం బయల్దేరాం.

కేజీఎఫ్ నుంచి దేవనహళ్ళి విమానాశ్రయానికి కారులో రెండున్నర గంటలు. అక్కణ్ణుంచి లండన్‌కి పదిన్నర గంటలు, విమానం మారాక బ్రిడ్జ్‌టౌన్‌కి మరో తొమ్మిది. టికెట్లు నెలన్నర ముందు కొంటే మనిషికి లక్షా పాతిక వేలయింది. బార్బడోస్‌కి మాకు ముందస్తు వీసా అవసరం పడలేదు గానీ లండన్‌లో మారడానికి ట్రాన్సిట్ వీసా తీసుకున్నాం, మీరు కొనేముందు రెండూ సరిచూసుకోండి. దిగిన ఊళ్ళో టాక్సీకి ముప్పై అయిదు అమెరికన్ డాలర్లు. ఏ ఊరని డ్రైవర్ అడిగితే నాగరాజప్ప గర్వంగా బంగారు గనుల ఊరని చెప్పాడు. డ్రైవర్ అద్దంలోంచి మా ఆడవాళ్ళిద్దరి మెడల వంక చూసి, బంగారం ఇంకా ఉందా అన్నాడు. బంగారం పోయింది, తవ్విన మట్టి గుట్టలే మిగిలాయి అంటే పాపం చాలా విచారించాడు.

మా గెస్ట్‌హౌస్ నుంచి కార్లైల్ బే బీచ్‌కి ఏడు నిమిషాల నడక. ఇద్దరుండే గది రోజుకి నూటపది డాలర్లు. బీచ్ నుంచి తాబేళ్ళ దగ్గరికి చిన్న బోట్లు తీసుకెళ్తారు. కెల్విన్ అనే ఆయన బోటు మాట్లాడుకున్నాం. పొద్దున ఎనిమిదికి ఒకే ట్రిప్పు, మనిషికి యాభై డాలర్లు, ఎక్కాకే ఇవ్వాలి. మాకు చేతిలో ఉన్నవి బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు పొద్దులు, ఆదివారం తిరుగు విమానం. నాలుగు పొద్దులుంటే తాబేళ్ళు ఎక్కడికి పోతాయని నేను ధీమాగా ఉన్నాను.

మన పగలు వాళ్ళ రాత్రి కదా, మొదటిరోజు తెల్లవారుజామున మూడున్నరకే నలుగురికీ మెలకువ వచ్చేసింది. ఏడున్నరకి బీచ్‌కి చేరేసరికి అమ్మేవాళ్ళు అప్పుడే బల్లలు పరుచుకుంటున్నారు. మార్వా అనే ఆవిడ గడ్డి టోపీలు సర్దుతూ మమ్మల్ని చూసి నవ్వింది. అంతే, మా ఆయన ఆగిపోయారు.

"పాపం, ఆ యమ్మకు ఇంగా బోణీ కాలేదే. చూసి అట్లే పోతే బాగుంటాదా?" అన్నారు.

బట్టల కొట్టువాళ్ళకి బోణీ ఎంత ముఖ్యమో పెళ్ళయిన మొదటి వారంలోనే నాకు తెలిసింది. పొద్దున వచ్చిన మొదటి మనిషి ఉత్తచేతులతో వెళ్తే ఈయనకి ఆ రోజు ముద్ద దిగదు. కానీ ఆ బాధ సముద్రాలు దాటి వస్తుందని నేననుకోలేదు. టోపీ కొన్నారు. బోణీ బేరం ఆడకూడదని అడిగినంతా ఇచ్చారు. ఊరుకున్నారా? ఆవిడకి బోణీ అంటే ఏమిటో తనకొచ్చిన ఇంగ్లీషులో వివరించారు, డబ్బుని కళ్ళకద్దుకోవడం నేర్పారు. పక్కన పూసల దండల ఆవిడ, ఆ పక్కన కొబ్బరిబొండాలాయన, అందరివీ బోణీ కాని ముఖాలే. మేం నీళ్ళ అంచుకి వెళ్ళేసరికి కెల్విన్ బోటు దూరంగా కోడిపిల్లంత కనిపించింది.

గురువారం పావుగంట ముందే బయల్దేరదీశాను. ఈసారి వాళ్ళే మాకోసం ఎదురుచూస్తున్నారు. "బోణీ, బోణీ" అని కొబ్బరిబొండాలాయన చెయ్యూపితే మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను పళ్ళు నూరుతుంటే నాగరాజప్ప ఈయన్నే వెనకేసుకొచ్చాడు. బోణీ అంటే బోణీయే చెల్లెమ్మా, తాబేళ్ళు యాడికీ పోవు అన్నాడు. బోటు మాత్రం పోయింది. శుక్రవారం కూడా అదే వరస. గదిలో ఏడు టోపీలు, పదకొండు పూసల దండలు, దేనికో తెలియని చెక్క చేప ఒకటి. నా తల ప్రాణం తోకకొచ్చింది. మునిరత్నమ్మక్క మాత్రం టోపీ పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చునేది.

ఆ శుక్రవారం సాయంత్రం ఆయిస్టిన్స్ అనే చేపల బజారుకి వెళ్ళాం, మీరూ తప్పక వెళ్ళండి. వ్యాన్లో మనిషికి మూడున్నర బార్బడోస్ డాలర్లు, పాటల మోత మాత్రం ఉచితం. అక్కడ కూకూ అని మొక్కజొన్న పిండి, బెండకాయలు వేసి చెక్క తెడ్డుతో కెలికిన ముద్ద పెట్టారు. అచ్చం మన సంగటే. నాగరాజప్ప కళ్ళు చెమర్చాయి. మన పద్ధతిలో పులుసులో ముంచి, నమలకుండా గుటుక్కున మింగాడు. వండినావిడ నోరు తెరిచి చూసి, మనిషికి గొంతులో అడ్డం పడిందనుకుని పరుగున వచ్చి వీపు మీద నాలుగు చరిచింది. నమిలితే రుచి పోతుందని ఆయన చెప్పేలోపల ఇంకో రెండు పడ్డాయి. నేనూ నవ్వాను గానీ మనసులో రేపటి బోటే తిరుగుతోంది. మిగిలింది ఒక్క పొద్దు.

శనివారం కోసం నేనొక ఉపాయం పన్నాను. మగవాళ్ళని ఏడూ ముప్పావుకి రమ్మని చెప్పి, అక్కా నేనూ ఏడింటికే బీచ్‌కి వెళ్ళి అందరికీ బోణీ చేసేశాం. ఒక దండ, ఒక బొండాం, ఒక జేబురుమాలు. ఇక ఈయన ఎవరి దగ్గర ఆగుతారో చూస్తాననుకున్నాను. మార్వా దగ్గర ఎనిమిదో టోపీ కొంటూ సంగతి చెప్పి, మా ఆయన వస్తే బోణీ అయిపోయిందని చెప్పమన్నాను.

మార్వా టోపీ చేతికిస్తూ నా ముఖంలోకి చూసింది. "నిన్న ఆయన వచ్చేసరికే నాకు రెండు బేరాలయ్యాయి. ఆ మాట ఆయనకి చెప్పాను. అయినా కూర్చున్నారు. ఆ బోటు కదిలేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, కదిలాక లేచి మీ దగ్గరికి వచ్చారు," అంది.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ధర్మస్థల వెళ్ళినప్పుడల్లా నేత్రావతిలో నేను మునకలేస్తుంటే ఈయన ఒడ్డున చెప్పులకి కాపలా కాసేవారు. ఎంత బాధ్యత గల మనిషో అని మా అమ్మకి కూడా చెప్పుకున్నాను. మా పేటలో నీళ్ళంటే వీధి చివర ఆగే ట్యాంకరు. అంతకు మించి నీళ్ళతో పని పడని మనిషిని తెచ్చి సముద్రం ముందు నిలబెట్టాను.

ఏడూ ముప్పావుకి ఇద్దరూ వచ్చారు. ప్రతి బల్ల దగ్గరా బోణీ అయిందని చెబుతుంటే మా ఆయన ముఖంలో రంగు తగ్గుతూ వచ్చింది. చివర్న గవ్వల బుట్టతో అప్పుడే వస్తున్న ఒక ముసలాయన కనపడగానే ప్రాణం లేచొచ్చినట్టు అటు పరుగెత్తారు. నేనూ వెనకే వెళ్ళాను. చెప్పొద్దూ, తిట్టడానికి పాతికేళ్ళ సరుకు సిద్ధంగా ఉంది. కానీ ఆయన గవ్వ చేతిలో పట్టుకుని బోటు వంకే చూస్తున్నారు. మీకు నీళ్ళంటే భయమా అని మెల్లగా అడిగాను.

ఆయన గవ్వని బుట్టలో పెట్టేశారు. "మోకాలికి పైన నీళ్ళల్లో నేను ఎప్పుడూ దిగిండేది లేదు. నాగరాజు ముందర చెప్పేదానికి సిగ్గయింది. నీ ముందర చెప్పేదానికి ఇంగా సిగ్గయింది. నువ్వేమో పక్కన ఉండాలంటివి," అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. కోపం ఎటు పోయిందో కూడా తెలియలేదు. ఎవరూ ఏమీ అడక్కుండానే వెనకనుంచి నాగరాజప్ప గొంతు సవరించుకుని, నాక్కూడా అట్లే ఉండాది చెల్లెమ్మా అన్నాడు. మూడు రోజులుగా బోణీకి అంత గట్టిగా వత్తాసు ఎందుకు పలికాడో అప్పుడు తెలిసింది. మునిరత్నమ్మక్క మొగుణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి బోటు వైపు నడిచింది. దిగొద్దు, బోట్లో కూర్చుంటే చాలు అని నేను మా ఆయనకి చెప్పాను. కెల్విన్ మాకోసం పది నిమిషాలు ఆగాడు.

తాబేళ్ళ చోటు ఒడ్డుకి దగ్గరే, పది నిమిషాలు కూడా పట్టదు. ఎక్కగానే అందరికీ లైఫ్ జాకెట్లిచ్చి, మునిరత్నమ్మక్కకి ఎలా దిగాలో కెల్విన్ సైగలతో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె జాకెట్ పక్కన పెట్టి, చున్నీ నడుముకి బిగించి ఒక్క దూకు దూకింది. కెల్విన్ కంగారుగా వంగి చూసేసరికి అవతల తేలి నవ్వుతోంది. చిన్నప్పుడు వాళ్ళ తోటలో బావి ఎండిపోకముందు రోజూ ఈదేదట. నాగరాజప్ప నోరు వెళ్ళబెట్టాడు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు, ఆయనకీ ఆ సంగతి తెలియదు.

నాకు ఈత రాదు. జాకెట్ వేసుకుని నిచ్చెన దిగి, కెల్విన్ విసిరిన రబ్బరు చక్రం పట్టుకుని తేలాను. నీళ్ళు గోరువెచ్చగా, కింద ఇసక కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి. ఇంత ఆశపడి వచ్చినదాన్ని, తల తిప్పితే పక్కన ఖాళీ. పర్లేదులే అనుకున్నాను గానీ పర్లేకుండా లేదు. అప్పుడు బోట్లో ఏదో హడావిడి వినిపించింది. చూస్తే మా ఆయన ఒక జాకెట్ మీద ఇంకో జాకెట్ తొడుక్కుంటున్నారు. రెండోది నాగరాజప్పది. నాలుగు మెట్ల నిచ్చెన దిగడానికి కొండ దిగినంతసేపు పట్టింది. మెట్టు మెట్టుకీ నాగరాజప్ప పైనుంచి క్రికెట్ కామెంటరీ చెబుతూనే ఉన్నాడు. ఆఖరి మెట్టు వదిలి ఆయన నా మణికట్టు పట్టుకున్న పట్టుకి రెండు గాజులు చిట్లాయి.

సరిగ్గా అప్పుడే వచ్చింది తాబేలు. మా ఇంట్లో చేటంత డిప్ప, ముసలి ముఖం, మేమిద్దరం అక్కడ లేనట్టే మా కాళ్ళ కిందనుంచి ఈదుకుంటూ వెళ్ళింది. నేను ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయాను. చూశారా అని తిరిగితే ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

"కనపడిందా నీకు?" అన్నారు.

కనపడిందన్నాను.

"అయితే పోదామా?"

ఆయన ఇప్పటికీ సముద్రపు తాబేలుని చూడలేదు. కొట్లో ఎవరైనా అడిగితే చాలా పెద్దదని చెబుతారు, నేనూ అవునని సర్దుతాను. మళ్ళీ సముద్రం కావాలని నేను అడగను, అడగాల్సిన అవసరం కూడా లేదు, నాకు కావలసింది దొరికింది. మీరు కూడా ఇద్దరుగా ఇలాంటి ప్రయాణం అనుకుంటుంటే నేను చెప్పగలిగిన సలహా ఒకటే. బోటుని చివరి రోజుకి పెట్టుకోకండి, తప్పిపోతే ఇంకో పొద్దు చేతిలో ఉండాలి. ఇంకా ముందు, టికెట్లు కొనకముందే, ఇంట్లో మనిషిని కూర్చోబెట్టి నీళ్ళంటే భయమా అని ఒక్కమాట అడగండి. ఒక్క నిమిషం పని. నాకు పాతికేళ్ళు తోచలేదు.