ర్యాక్‌కు ఆనించిన చేతులు

పేటంతా లిఫ్టు తాతయ్య అని పిలిచే ఆ రిటైరైన లిఫ్టు మెకానిక్, నిలబెట్టి ఉన్న ఏ వస్తువునూ నమ్మడు. ఆయన ఓరగా చూస్తే గోడ మీది బల్లి కూడా ఒకసారి తన కాళ్లు సరిచూసుకుంటుంది. అబద్ధమైతే బల్లినే అడగండి. రోజూ సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, ఒక్క సబ్బు కొనడానికి గంటసేపు తిరుగుతాడు. తడి నేలను చెప్పు అంచుతో తడుముతాడు. ర్యాకులను గోటితో కొట్టి చెవి పెట్టి వింటాడు. నూనె సీసాల ర్యాక్ ముందుకు వాలుతోందని వారం నుంచి చెబుతున్నాడు. కౌంటర్ అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "ఫిర్యాదుల పుస్తకం అయిపోయింది తాతగారూ" అంటుంది. గంట తిరిగి ఒక్క సబ్బు కొనేవాడి మీద సూపర్‌వైజర్‌కు వేరే అనుమానం. అందుకే గార్డును ఆయన వెనకే తిప్పుతున్నాడు.

ఆ ఉదయం ఆ నూనె సీసాల ర్యాక్ కిర్రుమంది. తాతయ్య రెండు చేతులూ ఆనించి నిలబడిపోయాడు. పక్కనే, చంకలో బిడ్డతో ఒకామె కింది అరలోని సీసాలు చూస్తోంది.

"బిడ్డతో అవతలికి జరుగు తల్లీ."

"నేను ముందొచ్చాను. మీరే జరగండి."

సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. "చేతులు తీయండి. చొక్కాలో ఏం దాచారు?"

"తీస్తే ఇదంతా ఈ తల్లీబిడ్డల మీద పడుతుంది నాయనా. జేబులు మీరే చూసుకోండి."

గార్డు తడిమాడు. కళ్లజోడు, చిన్న స్క్రూడ్రైవర్ దొరికాయి.

"చూశావా, ర్యాక్ విప్పడానికే తెచ్చాడు" అన్నాడు సూపర్‌వైజర్.

గార్డు ర్యాక్‌ను అనుమానంగా చూసి ఒక వేలు ఆనించాడు. తర్వాత అరచెయ్యి, ఆ తర్వాత ఏకంగా భుజం ఆనించాడు.

"అమ్మా, మీరు జరగండి. సార్, మీరూ రండి. ఇద్దరం చాలం."