కింది నుంచి కోసిన పేజీ

పత్రికలో ముప్ఫై ఏళ్లు డెస్కు మీద పనిచేసినవాడికి ఒక అలవాటు పట్టుకుంటుంది. ముఖ్యమైనది పైన పెడతాడు. చోటు చాలకపోతే కింది నుంచి కోస్తాడు. నేను కోసిన వార్తలు ఎన్నో నాకే తెలియదు. ఒక్కటే ఇప్పటికీ బాధపెడుతుంది, అది వార్త కూడా కాదు.

రిటైరయ్యాక ప్రతి శనివారం గుడివాడ నుంచి పాసింజరులో బందరు వెళ్లి, ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. పుస్తకంలో పాఠాలు కాదు. వెనకటి కాలంలో ఓడలెక్కి మన రేవుకొచ్చినవాళ్లు స్వయంగా రాసుకున్న డైరీలు, ఉత్తరాలు. వాటికి తెలుగు నేనే చేసి, జిరాక్సులు పంచేవాణ్ణి.

"పరీక్షలో వస్తుందాండీ?" అని మొదటిరోజే అడిగారు.

"రాదు."

"పోనీ అటెండెన్స్ అయినా వేస్తారా?"

దసరా నాటికి నలుగురు మిగిలారు. ముగ్గురు బస్సు వచ్చేదాకా ఫ్యాను కింద కూర్చోడానికి వచ్చేవారు. నాలుగో అమ్మాయిది మంగినపూడి దగ్గర పల్లె. వాళ్ల నాన్న వేటకు వెళ్తాడు.

ఒకరోజు ఒక కెప్టెన్ డైరీలోంచి ఒక పేజీ ఇచ్చాను. దూరాన లంగరు వేయడం, గాలివాన భయం, దిగాక అధికారులకిచ్చిన కానుకలు. అందరూ వెళ్లాక ఆ అమ్మాయి ఆగింది.

"సార్, ఓడ అంత లోపలే ఆగిందన్నారుగా. మరి ఒడ్డుకెలా వచ్చాడు?"

"చిన్న పడవలో."

"నడిపిందెవరండీ? అక్కడ ఇసక మేటలుంటాయి. తెలియనోడు పడవేస్తే బోల్తాయే."

"అది రాయలేదమ్మా."

"మావాళ్ల గురించి ఒక్క ముక్క కూడా లేదా?"

"లేదు," అన్నాను. కాగితం వైపు చూడనైనా లేదు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఇంటర్ అయ్యాక డిగ్రీలో చరిత్ర చదువుతానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదట. "ఆ రాజులూ దొరలూ మనకెందుకే, రొయ్యల ప్లాంటులో చేరు అంటాడండీ మా నాన్న. మావాళ్లున్న కాగితం ఒక్కటి చూపిస్తే మెత్తబడతాడనుకున్నా."

పరీక్షలయ్యాయి. ఆమె ప్లాంటులో చేరిందని మిగతావాళ్లు చెప్పారు. ఆ వర్షాకాలంలో కాలేజీవాళ్లు ఫోన్ చేసి, చరిత్ర గ్రూపు ఎత్తేశామండీ, ఇక శ్రమపడొద్దు అన్నారు. కాగితాలు పాత పేపర్లవాడికి వేద్దామని తీస్తుంటే ఆ డైరీ పేజీ ఇంగ్లీషు నకలు బయటపడింది. కింద నా పెన్సిల్ గీత. నా తెలుగు ఒకవైపు జిరాక్సులో పట్టాలని, గీత కింద ఉన్న పేరా వదిలేశాను.

ఆ పేరాలో ఉన్నది పడవవాడే. ముందు భాగాన నిలబడి వెదురు గెడ నీళ్లలో దించుతున్నాడు, గెడకంటిన మట్టి చూసి దారి చెబుతున్నాడు. అతను లేకపోతే మేం ఒడ్డు చేరేవాళ్లం కామని కెప్టెన్ రాసుకున్నాడు.

పేరా తెలుగు చేసుకుని మర్నాడే మంగినపూడి దగ్గర ఆ అమ్మాయి పల్లెకు వెళ్లాను. ఆటో దిగేసరికి ఆమె నాన్న వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. చదివి వినిపించాను.

"మేం ఇప్పటికీ అంతే కదా సారూ, మట్టి చూసే పోతాం!" అని నవ్వాడు. "దొర బాగానే కనిపెట్టాడే." ఆ నవ్వుతోనే కూతురివైపు తిరిగాడు. "ఇదేదో అప్పుడే చూపించొచ్చు కదమ్మా?"

ఆమె షిఫ్టుకి బయల్దేరుతోంది. కాగితం తీసుకుంది. ఐసులో నాని వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. రెండుసార్లు చదివింది.

"ఇది అప్పుడే మీ దగ్గరుందా సార్?"

"ఉందమ్మా. నేనే కోసేశాను."

డిగ్రీలో చేరే గడువు దాటిపోయిందని ముగ్గురికీ తెలుసు. "వచ్చే ఏడు చేరొచ్చు కదా," అన్నాను.

"చూద్దాం సార్."

అర్జీ పట్టుకుని పత్రికాఫీసుకొచ్చినవాళ్లతో మేమూ అలాగే 'చూద్దాం' అనేవాళ్లం. అన్నాక ఏది చూశామని? ప్లాంటు బస్సు హారన్ కొట్టింది. కాగితం నా చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని పరుగెత్తింది.

"ఆ గెడ ముక్క ఇంకోసారి చదవండి సారూ," అన్నాడు ఆమె నాన్న, వల పక్కనపెట్టి.

చదివాను. బస్సు అప్పటికే రోడ్డెక్కింది.