మూతల సారు

ఎనిమిదో తరగతిని నేను వదిలేశానో, అదే నన్ను వదిలించుకుందో ఇప్పటికీ తేలలేదు. అలాంటి నాకు గల్ఫ్‌లోని అల్ ఘర్రాఫా ఆఫీసులో మా సారు ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటరు భాష నేర్పారు. సరుకుల వివరాలు నేను ఫైల్లో కొడితే, ఆయన రాసిన స్టైల్‌షీట్ వాటిని వెబ్ పేజీగా మార్చేది. ప్రతి వివరానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టాలి, వాటినే ట్యాగులంటారు; తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి. ఒక్కటి మరిచినా పేజీ రాదు. ఆ అలవాటుతోనేమో, ఎవరి నీళ్ల సీసా కనిపించినా సారు మూత బిగించేవారు. "మూతల సారు" అని పేరు పెట్టి అందరినీ నవ్వించాను.

ఆయన కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని మేనేజరు పేజీ చూడటానికొచ్చిన రోజు, ఆ నవ్వుల్లో పడి నేను ఒక ట్యాగు మూయలేదు. తెర మీద ఎర్రక్షరాల ఎర్రర్ వచ్చింది.

"నాదే పొరపాటు," అన్నారాయన, నా వైపు చూడకుండా. ఆయన ఉద్యోగం పోయింది.

మొన్న విజయవాడలో ఉంటున్న సారుకు ఫోన్ చేసి, "మాఫ్ చెయ్యున్రి సారూ, మీ నౌకరి నా వల్లనే పాయె" అని మొత్తుకుంటూనే ఉన్నాను.

"ఆ రోజు ట్యాగు మూయలేదు, ఇవాళ ఈ ఏడుపుకైనా మూత పెట్టవయ్యా!" అన్నారు.