స్కూవా సారు

విరూపాక్షయ్య సారు తన డబ్బాలో అన్నం తాను తినగా చూసినవాళ్లు కురుగోడు స్కూల్లో ఎవరూ లేరు. ఆయనకు అన్నమంటే పక్కవాడి డబ్బాలోదే. లెక్కల సారు గనుక ప్రతి ఇంటి వంటకూ భాగహారం చేసేవాడు.

కాలువకు నీళ్లొచ్చిన కొత్త రోజులు. పొద్దుటి క్లాసులకు గొంతు అరగదీసి, ఇంగ్లీషు సారు గురురాజ కూలబడి డబ్బా మూత తీసేసరికి ఓ చెయ్యి వచ్చేది.

"గుత్తొంకాయా? మీ ఇంటామె పంకజాక్షమ్మ చెయ్యి చెయ్యేనప్పా."

చెయ్యి వెళ్లేది. వంకాయ దానితోపాటే వెళ్లేది. ఒక్క పూట డబ్బా మొత్తం తానే తినాలన్నది తప్ప గురురాజకు జన్మలో వేరే కోరిక మిగల్లేదు.

"మీరు స్కూవా, సార్," అన్నాడొకనాడు నీరసంగా. "ఉత్తర సముద్రాల్లో పెద్ద పక్షి. ఇంకో పక్షి పట్టిన చేప కోసం వెంటపడి, అది విసిగి వదిలేదాకా వేధిస్తుంది."

"కౌవానా? కాకి! మంచి పక్షప్పా. ఒంటిగా తినదు, నలుగుర్ని పిలుస్తాది."

ఆయన చెవి బళ్లారి బజారు ఉర్దూకు అలవాటుపడిన చెవి. దిద్దే ఓపిక గురురాజకు లేదు. ఉన్న కాస్త ఓపికతో హెడ్మాస్టరుకు మొరపెట్టుకున్నాడు. హెడ్మాస్టరూ బాధితుడే. వెంటనే శాసనం వెలువడింది: ఎవరి క్లాసులో వారు తలుపేసుకుని భుజింపవలెను.

మర్నాడు గురురాజ తిన్నాడు. మొత్తం. చెయ్యి కడుక్కోబోతూ డ్రిల్లు సారు చెన్నప్ప గదిలో మాటలు విని కిటికీలోంచి తొంగిచూశాడు. తలుపు గడియ వేసే ఉంది. లోపల విరూపాక్షయ్య. కమ్మీలు లేని కిటికీకి పంచె పీలిక వేలాడుతోంది.

చెన్నప్ప భార్య ఎండాకాలంలో పోయింది. అప్పట్నుంచి రొట్టెలు ఆయనే కాల్చుకుంటాడు. ఒక పక్క బొగ్గు, ఒక పక్క పిండి. ఎవరైనా జాలిపడితే డబ్బా మూసి లేచిపోతాడు.

"నీ రొట్టె తినేస్తి. ఏం చేస్తావు?" బొగ్గు నములుతూ అడిగాడు విరూపాక్షయ్య.

"నా కూడు దోచుకుంటాండావు సారూ."

"దోచుకుంటాండా. జుల్మానా ఏసుకో. నా డబ్బా ఖాళీ చేయి."

చెన్నప్ప పగ తీర్చుకుంటున్నవాడిలా పప్పన్నం తిన్నాడు.

ఒక్కడినే దోచుకుంటే దానమని తెలిసిపోతుంది. అందుకని ఈ మహానుభావుడు స్కూలంతా దోచుకున్నాడు! గురురాజకు తిన్న వంకాయ అరగలేదు.

మరుసటి రోజు డబ్బా పట్టుకుని అదే కిటికీ ఎక్కాడు.

"ఏందప్పా, నువ్వూనా?"

"కౌవా, సార్," అన్నాడు గురురాజ, దిగేసరికే అలసిపోయి. "ఒంటిగా తినలేకపోతి."

కూర్చుని మూత తీశాడు. చెయ్యి వచ్చింది. వంకాయ వెళ్లింది.

తలెత్తి చూస్తే, ఆ చెయ్యి చెన్నప్పది.