వెనక స్పీకర్లు

ఆయన మా ఊళ్లో కారు బాడుగకు నడిపేవాడు. వెనక స్పీకర్లకు కారులోని పాటల సెట్టు పవరే చాలని మార్కాపురం దుకాణంలో చెప్పినా వినక, వాటికి విడిగా ఆంప్లిఫయరు పెట్టించాడు. "డయాలసిస్‌కు పోయేటోళ్లు వెనకనే పండుకుంటారు. పాటలు వాళ్లకే గదా" అన్నాడు.

డయాలసిస్‌కు తీసుకుపోయేటప్పుడు, పుల్లలచెరువు దాటేలోపే మా అమ్మను నాలుగుసార్లు అడిగేవాడు: "వెనక బాగా వినపడతాందా, పెద్దమ్మా?"

అమ్మ కళ్లు మూసుకునే, "బాగుంది నాయనా" అనేది.

అమ్మ పోయిన ఏడాదికే ఆయన కిడ్నీలూ చెడిపోయాయి. అదే కారులో ఆయనను వెనక పడుకోబెట్టి నేను నడిపాను. ఆయనకిష్టమని పాట పెట్టి, "వినపడతాందా, అన్నా?" అన్నాను.

ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఆపు తమ్ముడూ, తల పగిలిపోతాంది. ఇన్నేండ్లూ పెద్దమ్మ ఒక్క మాటన్నా అనలేదే!"