చాయ్‌లో బాపు గోలీలు

చిటికి కట్టే చేతికి వణుకొస్తే ఇక ఆ మనిషి దేనికి పనికొస్తాడు? చిటికి అంటే రంగు అంటకూడని చోట నూలును దారంతో బిగించి కట్టడం. ముడి వదులైతే చీర పాడైనట్టే. నాకు స్కిజోఫ్రెనియా. నల్లగొండలో డాక్టరమ్మ ఇచ్చిన గోలీలతో చెవుల్లో మాటలు ఆగాయి గానీ చేతులు వణకడం మొదలైంది.

నా అవస్థ మా అన్న చూడలేకపోయాడట. 'అట' అనే అంటాను, నాకు ఒక్క ముక్క చెప్తే కదా! మా బాపు వణుకుడు రోగంతో పోయాడు. ఆయన గోలీలు కొన్ని మిగిలితే, కొన్న మందు పారేస్తే పాపమని అమ్మ దాచింది. బాపుకు పనిచేసినవి తమ్ముడికి చేయవా అనుకుని, అన్న వాటిని అమ్మ దగ్గర అడిగి తీసుకుని, నూరి పొద్దుటి చాయ్‌లో కలపసాగాడు.

చేతులు కొంచెం కుదుటపడ్డాయి. సంబరపడ్డాను, వెర్రిబాగులవాణ్ణి! కొన్నాళ్లకు మాటలు మళ్లీ వచ్చాయి. మగ్గం కింద నుంచి ఒకటే గొణుగుడు: 'నీ చాయ్‌ల ఏదో కలుపుతుండ్రు.' చూస్తే గ్లాసు అడుగున నిజంగానే తెల్లటి పొడి.

"అన్నా, చాయ్‌ల ఏం కలుపుతున్నవ్?" అని నిలదీశాను.

"నేనెందుకు కలుపుత తమ్మీ? గదంత నీ రోగం" అన్నాడు, నా కళ్లలోకి చూస్తూ.

అమ్మ వైపు తిరిగాను. ఆమె తలెత్తలేదు. ఇక నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. గ్లాసు నేలకేసి కొట్టి, బువ్వ ముట్టనని కూర్చుంటే రెక్క పట్టి దవాఖానకు తీసుకుపోయారు.

వేరే మందేమన్నా ఇస్తున్నారా అని డాక్టరమ్మ గట్టిగా అడిగితే, అన్న నీళ్లు నమిలి నమిలి ఒప్పుకున్నాడు.

"ఈయన గోలి మెదడుల డోపమైన్ అనే రసాయనం పని తగ్గిస్తది. అందుకే మాటలు ఆగినయి, చేతులు వణికినయి. మీ బాపు గోలి అదే డోపమైన్‌ను పెంచుతది. ఆరుతున్న మంటల నూనె పోసిండ్రు గదయ్యా! వణుకుడు సంగతి నాకు చెప్తే మందు మారుస్తుంటి" అని తిట్టింది.

మందు మార్చాక మాటలు నెమ్మదించాయి. చిటికి మళ్లీ కడుతున్నాను. గోలీలు తెలియక కలిపాడు, పోనీ. తెలిసి తెలిసి నన్ను పిచ్చివాణ్ణి చేశాడే, అది ఎట్లా మింగాలి? ఒకరోజు ఆగలేక అడిగేశాను.

"నేను నిజం చెప్తే రోగమంటివి గదన్నా! అమ్మా, నీకు తెల్సు గద! నువ్వెందుకు నోరు ఇప్పలే?"

గొంతు పెరిగింది. అన్న లేచి బయటికి పోయాడు. అమ్మ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసింది.

"బిడ్డా, ఇయ్యాల గోలి ఏసుకున్నవా?"